మురళి గీసిన ళ

బెజవాడలో బోర్డులు చదవాలంటే నాకు భయం. నవ్వకండి. ఏళ్ల తరబడి మోస్తున్నాను దీన్ని, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. ఎటు చూసినా ఒక చనిపోయినవాడి చేతిరాతే కనిపిస్తుంది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది, అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనూ మురళీ గుణదలలో ఒకే గదిలో ఉండేవాళ్లం. వాళ్లది కొల్లేటి పక్కన చేపలు పట్టే కుటుంబం. కంప్యూటర్లని నడిపే లినక్స్‌లో తెలుగు సరిగా కనపడని రోజులవి. వాడు మౌసుతో ఒక్కో అక్షరమే గీసి ఫాంట్ తయారుచేశాడు. వాడి ళకి కింద తోక గాలంలా వంగి ఉండేది. ఆ ఫాంట్‌ని ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకునేలా మూటకట్టడం, అంటే ప్యాకేజీ చేయడం, నా పని. అందులో అక్షరాలు ఎవరివో రాయాల్సిన చోట నా పేరు పడింది. పాత ప్యాకేజీ నుంచి కాపీ కొట్టడంలో జరిగిన పొరపాటు. కొద్దిరోజుల్లోనే చూశాను. మరి ఎందుకు దిద్దలేదు? అప్పటికే ఎవరెవరో నన్ను మెచ్చుకుంటూ మెయిళ్లు పంపుతున్నారు. బాగుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా బాగుంది.

ఆ ఫాంట్ చూపించి ఉద్యోగం తెచ్చుకుందామని వెళ్లాడు మురళి. తిరిగొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"ఏరా, అక్షరాలు నేనే గీశానంటే నవ్వారు. అందులో పేరు నీదుందంట కదా?"

"అది మూటకట్టినోడి పేర్రా. నీది ఫాంట్ లోపలుంటుంది. పైకి కనపడదు."

వాడు నా మొహంలోకే చూశాడు. "లోపలుందిగా. సర్లే."

ఆ ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లకి ళ తోక సరిచేశానంటూ కొత్త ఫైలు ఇచ్చాడు. తెరిచైనా చూడకుండా ప్యాకేజీలో పెట్టేశాను.

తర్వాత ఆ ప్యాకేజీలు నడిపే బృందంవాళ్లు నన్నో పెద్దమనిషిని చేసి, కొత్తవాళ్ల ప్యాకేజీలు పరిశీలించి, అందరూ చేసే తప్పులేమిటో రాసిపెట్టమన్నారు. రాశాను. మొదటి తప్పు, అసలు మనిషి పేరు వదిలేయడం. రెండోది, కొత్త ఫైలు వస్తే లోపల ఏముందో చూడకపోవడం. ఎంత చక్కగా రాశానో! ఆ మాటలు రాసిన చెయ్యి నాదేనా?

కామెర్లు ముదిరి మురళి పోయాడు. గుణదలలో ఫ్లెక్సీ కట్టారు. "మురళికి కన్నీటి నివాళి." రెండు ళలు, రెండు గాలాలు. ఉచితం కదా, ఫ్లెక్సీ షాపువాడికి ఆ ఫాంటే దొరికింది. తన చావు తనే రాసుకున్నట్టుంది.

ఇప్పుడైనా వాడి పేరు పెడదామని ఇంటికెళ్లి ఫాంట్ తెరిచాను. గడికో అక్షరం. ౡ ఉండాల్సిన గడి దగ్గర ఆగిపోయాను. వర్ణమాలలో ఉంటుందే గానీ ఎవరూ రాయరు కదా దాన్ని. అక్కడ ౡ లేదు. చిన్నగా, పొందిగ్గా, "మురళి" అని ఉంది.

లోపలుందిగా. సర్లే.

తోక సరిచేశానంటూ ఇచ్చిన ఆ ఫైల్లోనే పెట్టి ఉంటాడు. అంటే వాడికి తెలుసు! నేను అబద్ధమాడానని తెలిసే రోజూ నాకు టీ పోసిచ్చాడు, నా పక్కనే పడుకున్నాడు. ఎప్పుడు గీశాడు అది? నేను గదిలో ఉండగానేనా?

పేరు మార్చలేదు. మారిస్తే ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు. ఫాంట్ మూసేశాను, అంత పిరికివాణ్ణి. మొన్న మా వీధిలో మందులషాపుకి కొత్త బోర్డు పెట్టారు. తల దించుకుని దాటాను.

ఆ అక్షరాలు మురళివి. ఈ ఒక్క ముక్క రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతకుమించి ఏమీ లేదు. దీని కింద నా పేరు పెట్టడం లేదు. అది ఇప్పటికే ఉండకూడని చోట ఉంది.