యాకూబ్ కాక సుద్దగీత

సుద్దముక్క చేతిలోకి తీసుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. వీధుల్లో మనుషులు భయం లేకుండా నడవగలరో లేదో చూసి నివేదిక రాయడం నా ఉద్యోగం. మొన్న ఒక కొత్త కాలనీలో మొదటి గీత గీస్తుంటే, వేళ్లకు అంటిన పొడి వాసనకు యాకూబ్ కాక గుర్తొచ్చాడు. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ ఆయనది. బొగ్గుగనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. కార్మికులు పనిలోకి దిగకముందే గని పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, బాగుందనిపిస్తే సుద్దతో తేదీ వేసి తన పేరులో మొదటి అక్షరం రాయడం ఆయన పని.

మోకాలి నొప్పితో, గుంతల దారికి భయపడి మా అమ్మ ఒంటరిగా దవాఖానకు వెళ్లడం మానేసిన రోజులవి. ఎవరైనా తోడొస్తేనే గడప దాటేది. ఒకరి మీద ఆధారపడటం ఆమెకు చిన్నతనంగా ఉండేది, నాకది చూస్తే బాధేసేది. రోడ్డు గురించి అర్జీ పెడదామని స్కూటీ మీద ఒక చుట్టు చుట్టొచ్చి, రెండు గుంతలు రాసుకుని కాకకు చూపించాను. ఆయన చదివి నవ్వాడు.

"బండెక్కి గని చూసిన సర్దార్ ఉంటడా బిడ్డా? ఎవరు నడవాల్నో ఆళ్ల ఎంబడి నడువు."

మర్నాడు పొద్దున్నే అమ్మను ముందు నడవమని, మేమిద్దరం వెనక నడిచాం. మురికినీటి మోరీ మీద పరిచిన సిమెంటు పలకలను కాక ఒక్కొక్కటే కర్రతో తట్టాడు.

"ఇన్నవా? బోలు చప్పుడు. గిది కూలుతది."

అలాంటి చోటల్లా సుద్దతో ఇంటూ గుర్తు పెట్టడం నా పని. అమ్మ ఆగినచోటా, లారీలు పోయే రోడ్డు మీదికి దిగాల్సి వచ్చినచోటా కూడా పెట్టాను. దవాఖాన చేరేసరికి సుద్ద అయిపోయింది. పుట్టి పెరిగిన వీధిని ఆ రోజే మొదటిసారి చూసినట్టనిపించి, నాకు ఆకలి కూడా తెలియలేదు.

ఆ గుర్తులన్నీ రాసి నేను పెట్టిన అర్జీ చూసి వార్డు ఆఫీసర్ జీపులో వచ్చాడు. "దిగుండ్రి సార్, మా వదినె ఎంబడి నడువుండ్రి," అన్నాడు కాక, మా అమ్మను చూపిస్తూ. పది అడుగులకే ఆఫీసర్ కాలి కింద పలక ఊగింది. అమ్మ భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మెల్లగ సార్, ముందట ఇంకోటున్నది," అంది అమ్మ.

పలకలన్నీ మార్చాక అమ్మ ఒక్కతే బయల్దేరింది. మేం ఇంటి ముందే నిలబడిపోయాం. వీధి చివరనున్న దవాఖాన దగ్గరికి చేరి అటునుంచి చెయ్యి ఊపింది. నేను చిన్నపిల్లలా గంతులేశాను. కాక మాత్రం మా గేటు ముందున్న కొత్త పలకను మరోసారి తట్టి, తేదీ వేసి, 'యా' అని రాసి, సుద్ద నా చేతికిచ్చాడు.

"నువ్వు గూడ రాయి. రాసినంక జిమ్మేదారి నీది."

నేనూ నా పేరులో మొదటి అక్షరం రాసి ఆ బాధ్యత తీసుకున్నాను. ఆ అక్షరాలు మొదటి వానకే పోయాయి. కాక కూడా ఇప్పుడు లేడు. మొన్న కొత్త కాలనీలో ఇంజినీరు నన్ను జీపు ఎక్కమన్నాడు. నేను ఎక్కలేదు. చేతికర్రతో రోడ్డు పక్కన ఆగి ఉన్న ఒక అవ్వ దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, నువ్వు ముందు నడువు. నీ ఎనక నేనొస్త."