రాని రైలుకు స్తోత్రం

తిరువళ్ళూరు స్టేషనుకు ఈ పక్కనున్న వీధుల్లో సుందరరాజ్‌ను ఎరగని వాళ్ళు లేరు. ఎరిగిన వాళ్ళలో ఒక్కసారైనా ఆయన్ని చూసి పక్క సందులోకి తప్పుకోని వాళ్ళూ లేరు. కారణం ఒక్కటే. ఆయన ఇంకా జరగని పనికి దేవుడికి స్తోత్రం చెబుతాడు. జరిగిన దానికి అందరూ చెబుతారు, అందులో గొప్పేముంది అని ఆయన వాదం. రాని రైలుకు, కురవని వానకు, తగ్గని జ్వరానికి రెండు చేతులూ పైకెత్తి ముందుగానే కృతజ్ఞత చెల్లించేస్తాడు. ఆవడి ఫ్యాక్టరీలో యంత్రాల మోతను మించి అరిచి అరిచి పెరిగిన గొంతు. పరలోకం సంగతేమో గానీ పక్క వీధికి మాత్రం స్పష్టంగా వినపడేది.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద నిలబడి, "తండ్రీ, కూర్చునేదానికి చోటిచ్చినావు, స్తోత్రం!" అనేవాడు. రైలు అప్పటికింకా ముందు స్టేషనులోనే ఉండేది. ఒకనాడు కాలు పెట్టడానికి సందు లేకుండా వచ్చింది. సుందరరాజ్ ఎలాగో లోపలికి దూరి, హాయిగా కూర్చున్న ఒక యువకుడి ముందు నిలబడ్డాడు.

"సీటు బాగుండాదా నాయనా?" అన్నాడు ఆప్యాయంగా.

"బాగానే ఉండాది సార్."

"ఉంటాదిలే. దానికి నేను స్తోత్రం చెప్పి ఉండా."

ఆ యువకుడు ఏమనుకున్నాడో, లేచి చోటిచ్చాడు. సాయంత్రం ఇంటికొచ్చి భార్య పొన్నమ్మకు ఈ మహిమను వర్ణించి చెప్పాడు.

"మహిమా లేదు, గిహిమా లేదు. ఆ పిల్లోడు భయపడి లేచినాడయ్యా," అంది పొన్నమ్మ.

కూతురు జెనిఫర్ నర్సింగ్ పరీక్ష రాసినప్పుడు ఇంకా ఘోరం జరిగింది. ఫలితాలు రాకముందే ఈయన వీధంతా లడ్లు పంచిపెట్టాడు. ఫలితాలు వచ్చాయి. పిల్ల ఒక పేపరు తప్పింది. పొన్నమ్మ తలుపు మూసుకుని కూర్చుంటే, ఆయన మాత్రం వాకిట్లో నిలబడి, "వచ్చేసారి పాసు చేసినందుకు స్తోత్రం!" అన్నాడు. వచ్చేసారి జెనిఫర్ పాసైంది. ఇరుగుపొరుగు వాళ్ళు లడ్లేవని అడిగితే, "తినేసినారు కదా, మళ్ళీ ఏంది?" అన్నాడు.

చర్చిలో పాస్టర్ మునిరాజ్ గారు కూడా చివరికి చేతులెత్తేశారు. "అన్నా, ప్రార్థన కూటంలో మీరు దయచేసి ఆఖర్న ప్రార్థన చెయ్యండి. మీరు మొదలుపెడితే అన్నీ వచ్చేసినాయని స్తోత్రం చెప్పేస్తారు. తక్కిన వాళ్ళకు అడిగేదానికి ఏమీ మిగల్దు."

పొన్నమ్మ తీరు ఆయన తీరుకు పూర్తిగా వ్యతిరేకం. ఆమెకు కుదురు లేదు. వాన పడితే కప్పు గురించి, పడకపోతే బావి గురించి, జెనిఫర్ ఫోను చేస్తే ఏం కబురో అని, చెయ్యకపోతే ఏమైందో అని ఆమె వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉండేది. ఇంట్లో ఇద్దరు మనుషులుండగా దిగులుపడే పనంతా తన ఒక్కదాని నెత్తిన పడిందని ఆమె బాధ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అసలు నీకు భయమంటే ఏందో తెలుసా?"

"కీర్తనలు చదవవే," అన్నాడు సుందరరాజ్. "దావీదు మొదట్లో ఏడస్తాడు. నన్ను మరిచిపోయినావా అని దేవుణ్ణే నిలదీస్తాడు. చివరికొచ్చేసరికి పాడతా ఉంటాడు. ఎట్లాగూ పాటలోనే కదా ముగిసేది? నేను నేరుగా ఆడికే పోతా."

"మరి ఏడ్చే భాగం ఎవురికి వదిలిపెట్టినావు? నాకా?"

"నువ్వు బాగా ఏడస్తావు కదా!"

ఆ పూట ఆయన సాంబారులో ఒక్క ములక్కాయ ముక్క కూడా పడలేదు.

పోయిన ఆడికృత్తిక తిరునాళ్ళకు పక్కింటి దామోదరన్ ఒక కోరికతో వచ్చాడు. నేతపని చేసిన కుటుంబం వాళ్ళది. ఇప్పుడతను బజారులో చీరల కొట్లో పని చేస్తున్నాడు. తిరుత్తణిలో గుండు కొట్టించుకుని, కావడి ఎత్తుకుని కొండెక్కుతానని మొక్కుకున్నాడు. భార్య కలైవాణి పాలకుండ మోస్తుంది. చిక్కల్లా వాళ్ళమ్మ కన్నియమ్మతోనే. ఆమెకు కొంతకాలంగా మతిమరుపు. వీధి చివరకు పోతే ఇల్లు మరిచిపోతుంది. అయినా కొండ చూడాలని పట్టుబట్టింది.

"అత్తా, అమ్మ మెట్లెక్కలేదు. నీ మాటయితే వింటాది. మేము దిగొచ్చేదాకా కింద కూర్చోని చూసుకోండి," అన్నాడు దామోదరన్.

"చర్చికి పోయేవాళ్ళం, కృత్తికకు వచ్చి మేమేం చేస్తామురా?"

"చెప్పులు కూడా చూసుకోవచ్చు కదత్తా."

"క్షేమంగా పొయ్యొచ్చినందుకు స్తోత్రం!" అన్నాడు సుందరరాజ్, ఇంకా ఎవరూ మొహమైనా కడుక్కోకముందే.

తిరుత్తణిలో ఎటు చూసినా పసుపుబట్టలే. పూలకావళ్ళు, నెమలి ఈకలు, పంబ డోళ్ళ మోత, అరోహరా అని అరుపులు. కొండ కింద మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కన్నియమ్మను కూర్చోబెట్టి, పొన్నమ్మ ఆమె పక్కనే కూర్చుంది. ఎదురుగా అందరి చెప్పులూ ఉన్నాయి. దామోదరన్ దంపతులు కొండెక్కారు. సుందరరాజ్ టీ తేవడానికి పోయాడు. ఇంతలో ఎవరో ఒకామె కలైవాణి చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయింది.

"అవి మావి!" అంటూ పొన్నమ్మ లేచింది. కాదని ఆమె, అవునని ఈమె. మాటా మాటా పెరిగింది. చివరికి గెలిచి, చెప్పులు చేతబట్టుకుని వెనక్కి తిరిగింది. చెప్పులన్నీ భద్రంగా ఉన్నాయి. కన్నియమ్మ లేదు.

పొన్నమ్మ ఆ సందు చూసింది, ఈ సందు చూసింది. "అక్కా! కన్నియమ్మక్కా!" అని అరిచింది. పంబల మోతలో ఆమె అరుపు ఆమెకే వినపడలేదు. ఇన్నేళ్ళుగా జరగని వాటికి దిగులుపడింది తను. ఇప్పుడు జరిగిన దానికి ఏం చెయ్యాలో తోచలేదు. సుందరరాజ్ టీ గ్లాసులతో వచ్చాడు.

"అక్క... అక్క కనబళ్ళేదయ్యా."

ఆయన గ్లాసులు అరుగు మీద పెట్టాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

"తండ్రీ, కన్నియమ్మక్కను మాకు చూపించినావు, స్తోత్రం!"

పొన్నమ్మకు చేతిలో ఉన్న చెప్పుతోనే ఒకటి వేద్దామనిపించింది. "యాడ చూపించినాడు?"

"చూపిస్తాడు."

పోలీసుల పందిట్లో చెబితే మైకులో ప్రకటించారు. పచ్చచీర కట్టిన ముసలావిడ, కాస్త మతిమరుపు, కనపడితే తెలపండి అని. అలాంటి ప్రకటనలు పొద్దున్నుంచీ వస్తూనే ఉన్నాయి. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆయన ఒకవైపు, ఆమె ఒకవైపు వెతికారు. కాసేపటికి మొగుడు కూడా కనబడకపోయేసరికి పొన్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కడో నిలబడి స్తోత్రాలు చెబుతూ ఉంటాడు, నాలుగు దులుపుదామని బయలుదేరింది. కొబ్బరికాయల లారీ వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. ఎన్నడూ విననంత చిన్నగా ఉంది.

"ఎందాక ఊరుకుంటావయ్యా? నీకు కనబళ్ళేదా? మొహం అట్లా తిప్పుకున్నావేంది? ఆ ముసలామె దొరక్కపోతే మా పొన్నమ్మ బతికినన్నాళ్ళు నిద్రపోదు. దానికి దిగులెక్కువ, నీకు తెలుసు కదా. నాకు భయంగా ఉండాది. రా సామీ. బిరీన రా."

పొన్నమ్మ అక్కడే ఆగిపోయింది. తనకు వదిలిపెట్టానన్న ఆ ఏడ్చే భాగం ఈయనకు అక్షరం పొల్లు పోకుండా వచ్చునన్నమాట. తిట్టాలనుకున్నవన్నీ మింగి, చప్పుడు చెయ్యకుండా అరుగు దగ్గరికి వచ్చేసింది.

అప్పుడే దామోదరన్ దిగొచ్చాడు. గుండు, దానికి చందనం, మొహంలో మొక్కు తీరిన వెలుగు.

"అమ్మ యాడ అత్తా?"

ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో సుందరరాజ్ వాళ్ళిద్దరి మధ్యకొచ్చి నిలబడ్డాడు. గొంతు మళ్ళీ ఫ్యాక్టరీ గొంతే.

"స్తోత్రం దామూ! అమ్మ దొరికింది!"

"దొరికిందా? అంటే తప్పిపోయిందా? యాడ దొరికింది?"

"అదొక్కటీ ఇంకా తెలీలేదు."

దామోదరన్ పేలిపోయాడు. "నీకు బుద్ధుండాదా మామా? అమ్మ యాడుండాదో తెలీదు, స్తోత్రమా? నమ్మి వదిలిపెట్టి పోతే నువ్వేం చేస్తా ఉండావు?"

"టీకి పొయినా నాయనా. నేనట్లా పోకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

"కాదురా దామూ, నేనే..." అని పొన్నమ్మ నోరు తెరిచింది. సుందరరాజ్ వెనక్కి ఒక అడుగు వేసి ఆమె కాలు గట్టిగా తొక్కాడు.

దామోదరన్ తిట్టినన్ని తిట్లూ ఆయనే పడ్డాడు. కలైవాణి కూడా ఏడుస్తూ రెండు మాటలంది. పొన్నమ్మ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. కాలు నొప్పిగా ఉన్నా ఆమెకు ఒక సంగతి వెలిగింది. జెనిఫర్ ఫలితాలకు భయపడి ముద్ద ముట్టకుండా కూర్చున్న రోజునే ఈయన లడ్లు పంచాడు. వీధంతా ఆయన్ని చూసి నవ్వింది. ఆ నవ్వుల్లో పిల్ల కూడా నవ్వి అన్నం తింది.

తిట్లు కాస్త సద్దుమణగగానే సుందరరాజ్ నేరుగా మైకు దగ్గరికి నడిచాడు. అక్కడ కూర్చున్న మహిళా కానిస్టేబుల్‌తో, "అమ్మా, మా కన్నియమ్మక్క దొరికింది. ఆమెను చూసుకున్నోళ్ళకు మైకులో నన్రి చెప్పాల," అన్నాడు.

"సంతోషం. యాడ దొరికినారు?"

"మీరు నన్రి చెప్పినాక తెలుస్తాదమ్మా."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన కళ్ళలో ఏం కనపడిందో, మైకు అందుకుని అరవంలో ఆ కృతజ్ఞత చదివింది. "తిరువళ్ళూరు కన్నియమ్మ గారిని చేరదీసి, నీడన కూర్చోబెట్టి, దాహానికిచ్చి చూసుకుంటున్న మంచివారికి కుటుంబం తరఫున నన్రి. దయచేసి వచ్చి అందుకోగలరు."

తప్పిపోయారంటే పట్టించుకోని జనం, మంచివారు అనగానే చెవులు రిక్కించారు. మొదట ఒకాయన ఎవరో వేరే ముసలమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చాడు. ఆమె కొడుకు ఆ పందిట్లోనే ఏడుస్తూ కూర్చుని ఉన్నాడు. ఆ తల్లీకొడుకుల గోల తీరకముందే, పందిరి వెనక నుంచి నివేద అనే కాలేజీ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వెనక, చేతిలో గరిటెతో, కన్నియమ్మ.

"మజ్జిగ పందిట్లో ఉండారు ఈ అవ్వ," అంది నివేద ఆయాసపడుతూ. "తప్పిపోయిన మనిషని మాకు తెలీనే లేదు. వస్తానే నా చేతిలో గరిట పెరుక్కున్నారు. నీళ్ళెక్కువ, ఉప్పు తక్కువ అని మమ్మల్నందర్నీ తిట్టి, ఆమే పోస్తా ఉండారు. పందిరి పెట్టినవాళ్ళ తాలూకు అనుకున్నాం. మైకులో మంచివారని వినపడితే, ఎవురబ్బా అని ఈమెను పేరడిగినా. కన్నియమ్మ అన్నారు!"

దామోదరన్ తల్లిని కావలించుకుని భోరుమన్నాడు. ఆమె అతని తల తడిమి, "గుండు నున్నగా ఉండాది. యాడ కొట్టించినావురా?" అంది.

అందరూ సుందరరాజ్ వైపు తిరిగారు. ఇప్పుడు చేతులెత్తి అరుస్తాడని చూశారు. ఆయన అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. పొన్నమ్మ చేతిలో ఉన్న చెప్పులు కింద పడేసింది. రెండు చేతులూ పైకెత్తి, కానిస్టేబుల్ ఉలిక్కిపడేలా, "స్తోత్రం!" అంది.

తిరుగు రైలు ఖాళీగా దొరికింది. దామోదరన్ సిగ్గుపడుతూ, "మామా, నోటికొచ్చినట్టు మాట్లాడేసినా," అన్నాడు. సుందరరాజ్ చెయ్యి ఆడించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎదుటి సీట్లో కన్నియమ్మ ఆయన్ని చాలాసేపు పరీక్షగా చూసింది.

"పొన్నమ్మా, ఎవురీయన?"

"మా ఇంటాయన అక్కా. సుందరరాజ్."

కన్నియమ్మకు నమ్మకం కలగలేదు. "చేతులు చూడు, ఎట్లా వణకతా ఉండాయో. పాపం, యాడో తప్పిపోయినట్టుండాడు," అంది. లేచి ఆయన పక్కకొచ్చి కూర్చుని, ఆయన చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. "భయపడొద్దు నాయనా. మీవాళ్ళు వచ్చేదాకా నేను పట్టుకోనుంటా."

సుందరరాజ్ ఏదో చెప్పబోయి, పొన్నమ్మ మొహం చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆయన నోరు మూసుకుని, తిరువళ్ళూరు వచ్చేదాకా బుద్ధిగా ఆ చెయ్యి అలాగే ఇచ్చి కూర్చున్నాడు.