ఎడమ ఆకు, కుడి ఆకు

ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా మనవరాలు పోయిన నెల పెనుకొండ వెళ్లినప్పుడు, మా పుట్టింటి వీధిలోని అమ్మవారి గుడికి పోయి, అమ్మవారికి కొత్తగా వేసిన వెండి వేపాకుల హారాన్ని ఫోటో తీసి నా ఫోనుకు పంపింది. నేను చూసి, దండం పెట్టుకొని ఊరుకుంటానని ఆ పిల్ల అనుకొని ఉంటుంది. నేను రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చూశాను. ఆకులన్నీ ఒకే పక్కకు వంగి ఉన్నాయి. నా హారం ఇక లేదని అప్పుడే తెలిసిపోయింది.

నా హారం అని కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి. ఊరందరికీ అది మా అన్న చేసిన హారం. ఎవరు నన్ను ఏ రోజు ఏ మాట అన్నారో మరిచిపోని దానినని మా ఇంట్లో నాకు పేరుంది. ఆ పేరు ఉంటే ఉండనివ్వండి. నా వయసు వాళ్లు, చేతిపనుల ఇళ్లలో పుట్టిన ఆడవాళ్లు, ఇది చదివితే నన్ను తప్పు పట్టరనే అనుకుంటున్నాను.

మా నాయన వెండిపని చేసేవాడు. వీధి వసారాలో ఒక కుంపటి, ఊదుగొట్టం, రెండు సుత్తులు, నాలుగు ఉలులు, ఒక ఇనుప దిమ్మ, ఒక సీసం దిమ్మ, ఒక ఆకురాయి, ఇంతే మా కార్ఖానా. అమ్మవారికి ముప్పైరెండు వేపాకుల హారం చేయాలని గుడి పెద్దలు వచ్చి అడిగిన ఏడాదే నాయన కుడి మణికట్టు వాచిపోయి సుత్తి పట్టలేకుండా అయ్యాడు. ఒప్పుకున్న పని అమ్మవారిది, జాతర దగ్గరపడింది, కాబట్టి అన్నను కూర్చోబెట్టాడు.

ఆకు కొట్టడం చూసేవాళ్లకు చిన్న పనిలాగే ఉంటుంది. పలుచగా సాగగొట్టిన రేకును కత్తెరతో ఆకు రూపుకు కత్తిరించి, కుంపట్లో ఎర్రబడేదాకా కాల్చి మెత్తబరచి, సీసం దిమ్మ మీద పెట్టి మొద్దు ఉలితో ఈనెలు కొట్టాలి. సీసం దెబ్బకు లొంగుతుంది కనుక రేకు చినగకుండా ఈనె అవతలి వైపుకు ఉబుకుతుంది. అయితే ఆ సీసం పిసరంత అంటుకొని ఉన్నా చాలు, మళ్లీ కుంపట్లో కాల్చినప్పుడు ఆ చోట వెండిని తినేసి చిల్లు చేస్తుంది. తుడిచే ఓపిక మా అన్నకు లేదు. మొదటి తొమ్మిది ఆకులూ తొమ్మిది జల్లెడలై బయటికి వచ్చాయి. నాయన వాటిని మళ్లీ మూసలో వేసి కరిగించి, లోపలికి వచ్చి, నా చేతిలో సుత్తి పెట్టాడు. అప్పుడు నాకు పదహారేళ్లు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చొని చూసిన చూపే నా చదువు.

ఆడపిల్ల కుంపటి ముందు కూర్చోవడం మా వాళ్లలో లేదు. అందుకని వసారాకూ నడవకూ మధ్య పాత చీర ఒకటి అడ్డం కట్టారు. నేను చీర వెనుక, అన్న చీర ముందు. వచ్చినవాళ్లకు సుత్తి మోత వినబడుతుంది కాబట్టి, నేను ఒక దెబ్బ వేస్తే అన్న ఉత్త ఇనుప దిమ్మ మీద ఒక దెబ్బ వేసేవాడు. వాడు చక్కగా నేర్చుకున్న పని ఆ తాళం ఒక్కటే. ఒకరోజు గుడి పెద్ద ఒకాయన వచ్చి కూర్చున్నప్పుడు అన్న సుత్తి పక్కన పెట్టి తల గోక్కున్నాడు. నాకు తెలియక నేను కొడుతూనే ఉన్నాను.

“ఏమబ్బా, నీ సుత్తి కింద ఉండాది, మోత మాత్రం వస్తానే ఉండాది! అమ్మవారే వచ్చి కొడతాందా ఏంది?” అన్నాడాయన.

“లోపల ఆడోళ్లు కారం దంచుతాండారులే సామీ” అన్నాడు మా నాయన.

అందరూ నవ్వారు. నేను సుత్తి ఎత్తిన చేయి ఎత్తినట్టే పెట్టుకొని, ఆయన లేచి వెళ్లేదాకా అలాగే కూర్చున్నాను. నాయన పోయి ఇన్నేళ్లయినా, ఆయన నన్ను ఎన్నిసార్లు ఎత్తుకున్నాడో గుర్తు లేదు గానీ, ఆ కారం మాట మాత్రం గుర్తుంది.

ఇక అసలు సంగతి. నాయన నాకు ఇచ్చిన అచ్చు ఒకటే, ఒక ఆకును చూసి కత్తిరించిన తగరపు రేకు. మొదటి ఆకు కొట్టాక పెరట్లోని వేపరెమ్మ తుంచుకొచ్చి పక్కన పెట్టి చూస్తే, ఏదో తేడా కనిపించింది. మీరూ చూడండి, ఎప్పుడైనా. వేపాకు నిటారుగా ఉండదు, కొడవలిలాగా వంగి ఉంటుంది. తొడిమ దగ్గర ఒక చెంప పెద్దది, ఒక చెంప చిన్నది. రెమ్మకు ఎడమన ఉన్న ఆకు ఒక పక్కకు వంగితే, కుడిన ఉన్నది రెండో పక్కకు వంగుతుంది. ఈనెలు కొట్టాక ఆకును తిప్పి వేసుకోవడానికి లేదు, ఉబికిన ఈనెలు వెనక్కు పోతాయి. కాబట్టి ముందే విడివిడిగా చేయాలి. నేను మొదట రాగిరేకుతో ఒక ఎడమ ఆకు, ఒక కుడి ఆకు చేసి చూసుకొని, తరువాత వెండితో పదహారు ఎడమవి, పదహారు కుడివి కొట్టాను. సీసం అంటకుండా దిమ్మ మీద పలుచని కాగితం పరిచి కొట్టాను. ప్రతి ఆకునూ ఇసుకతో తోమి, అంచుల్లో రంపపు పళ్లు ఆకురాయితో తీసి, తొడిమకు వెలిగారం పెట్టి కొక్కెం అతికి, చింతపండు నీళ్లలో ఉడికించి, కుంకుడు నురగతో రుద్దాను. ఒక్క చిల్లు లేదు.

ఈ తేడా ఎవరికీ చెప్పలేదు. నాయన మాత్రం గుచ్చడానికి కూర్చున్నప్పుడు ఒక్కొక్క ఆకునూ బొటనవేలితో తడిమి, నేను చెప్పకుండానే ఎడమవి ఎడమకు, కుడివి కుడికి వేరు చేశాడు. నా ముఖం చూశాడు. ఏదో అనబోయి, దారం పైకెత్తి ముడి వేశాడు. ఆ చూపును మెప్పు అనుకోవాలో, క్షమాపణ అనుకోవాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

జాతర రోజు అమ్మవారి మెడలో హారం వేసి, అన్న భుజాన కొత్త కండువా కప్పారు. “చెయ్యంటే నీదప్పా! చెట్టు దిగొచ్చినట్టే ఉండాది” అన్నారు. నేను ఆడవాళ్లలో నిలబడి హారతి పళ్లెం పట్టుకొని, అన్న ఒక్కసారి తల తిప్పుతాడేమోనని చూశాను. తిప్పలేదు. ఆ హారం పేరు మీదనే వాడికి ధర్మవరంలో పని దొరికింది, తరువాత దుకాణం వచ్చింది. నన్ను హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు గుమాస్తాకు ఇచ్చారు. పెట్టె అడుగున ఆ రాగి ఆకులు రెండూ నాతో వచ్చాయి. మా అమ్మాయి చిన్నప్పుడు వాటిని చూసి, అమ్మా ఇవి ఎట్లా చేస్తారు, నాకూ నేర్పు అని అడిగింది. ఆ పని పేరు ఎత్తవద్దని కసిరి పెట్టె మూసేశాను. ఎప్పటికైనా అన్నను నిలదీసే రోజు వస్తుందని, ఆ రోజుకు ఈ రెండు ఆకులే నా సాక్ష్యమని నా మనసులో ఉండేది.

ఫోటో చూసిన మరునాడే వాటిని కొంగున కట్టుకొని పెనుకొండకు రైలెక్కాను. ఇప్పటి గుడి పెద్ద మర్యాదగానే మాట్లాడాడు.

“పాతదానికి ఆకులు ఊడిపోతాండాయమ్మా. అతికేవాళ్లు యాడుండారు? దాన్నే కరిగించి మిషన్లో కొట్టించినాం. చూడు, అన్నీ ఒకే అచ్చు.”

“ఎవర్ని అడిగి కరిగిస్తిరప్పా?”

“అదేం మాటమ్మా! చేసినాయప్పనే అడిగినాం. ధర్మవరం పోయి మీ అన్ననే అడిగితే, కరిగించుకోండి, నాకేం బాధ లేదనె.”

అదే లైను మీద తరువాతి రైలెక్కి ధర్మవరం పోయాను. అన్న దుకాణం ముందు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. లోపల వాడి కొడుకు పూత నగలు అమ్ముతున్నాడు. వదిన మజ్జిగ తెచ్చింది.

“ఏం పాపా, చెప్పకుండానే వచ్చినావే?”

“హారం కరిగించమన్నావంట.”

“పాతబడె గదా. కష్టపడి చేసినోన్ని నేను, నాకే లేని బాధ నీకెందుకు?”

పరిహాసమాడుతున్నాడనుకొని వాడి కళ్లలోకి చూశాను. పరిహాసం లేదు, దొంగతనం కూడా లేదు. నిజంగానే తానే చేశానని నమ్ముతున్నాడు. ఉత్త దిమ్మ మీద వేసిన దెబ్బలన్నీ ఇన్నేళ్లలో వాడికి ఆకులైపోయాయి. కొంగు ముడి విప్పి, రాగి ఆకులు రెండూ వాడి అరచేతిలో పెట్టాను. అద్దాలు సర్దుకొని చూశాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూశాడు. అంచులు కలవలేదు.

“ఈ ఒకటి వంకర పోయిందే” అన్నాడు, ఎంతో దయగా. “నేర్చుకునేటప్పుడు కొట్టినావా? ఏం కాదులే పాపా, మొదట్లో అందరికీ అట్లే అయితాది.”

“నువ్వు గూడా ఈ పని చేస్తాంటివా?” అని వదిన ఆశ్చర్యపోయింది. “ఒక్కనాడన్నా చెప్పలేదే!”

ఆ ఇంటికి పోయి అనవలసిన మాటలను నేను యాభై ఏళ్లుగా వరస తప్పకుండా దాచుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి వాడికి తప్పే గుర్తు లేనప్పుడు, ఎవరితో కొట్లాడాలి? మజ్జిగ తాగి లేచాను.

తిరుగు రైలు కోసం కూర్చున్న చోట, ప్లాట్‌ఫారం కంచె అవతల నుంచి ఒక వేపకొమ్మ లోపలికి వంగి ఉంది. ఒక రెమ్మ తుంచి ఒళ్లో పెట్టుకొని, రాగి ఆకులను దానికి చెరొక పక్కన ఆనించాను. ఎడమది ఎడమన, కుడిది కుడిన, తొడిమ దగ్గరి పెద్ద చెంపా చిన్న చెంపా కూడా సరిగ్గా కుదిరాయి. చుట్టూ ఎందరో ఉన్నారు, పిలిచి ఎవరికి చూపించను?

మన కాలంలో పని తెలిసినవాళ్లు ఉండేవాళ్లు, పేరు మాత్రం వేరేవాళ్లకు పోయేది. ఇప్పుడు పేరు అడిగేవాళ్లూ లేరు, ఆకు ఎటు వంగిందని చూసేవాళ్లూ లేరు. కరిగించినవాళ్లను తిట్టుకుంటూనే హిందూపురం చేరాను గానీ, మా అమ్మాయి అడిగిన రోజున పెట్టె మూసింది ఎవరో కూడా నాకు గుర్తుంది. ఏదీ మరిచిపోనిదాన్ని కదా, దీన్ని మాత్రం ఎలా మరిచిపోను? పిలిచి నేర్పుదామంటే ఇప్పుడు నా వేళ్లు వణుకుతున్నాయి. ఆకులు రెండూ మళ్లీ పెట్టె అడుగునే పెట్టాను. నా తరువాత దాన్ని తెరిచినవాళ్లు కూడా, ఒకటి బాగుంది, ఒకటి వంకర పోయింది అనే అనుకుంటారు.