పాదాల్ని నమ్మని పెదనాన్న

కసరత్తు అనగానే నవ్వేసే పెద్దవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే మా పెదనాన్న సంగతి రాసిపెడుతున్నాను.

ఆయన నేతగాడు. క్యాన్సర్‌కు మందులు ఎక్కించాక గడ్డ తగ్గింది కానీ ఆ మందులకు నరాలు దెబ్బతిని పాదాలు మొద్దుబారాయి. గుంటమగ్గంలో కాళ్లు దించిన ప్రతిసారీ వంగి, తొక్కే చెక్క మీద పాదం ఉందో లేదో చూసుకునేవాడు. అలా చూస్తూ నేస్తే పోగులు తెగేవి. ఇక మగ్గం తీసేద్దామని పెద్దమ్మ అనేది.

గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడమని, మడమలు ఎత్తి దించమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. దెబ్బతిన్న నరాలకు ఇది కొంత మేలు చేయవచ్చని నేనూ గ్రంథాలయంలో మూడు పుస్తకాలు తిరగేసి చెప్పాను.

"నలబై ఏళ్లు మగ్గం తొక్కిన కాల్లురా ఇవి! ఒంటికాలిమీద నిలబడ్డానికి నానేటి కొంగనా? నీ పుస్తకం రాసినోడు మగ్గం తొక్కేడేటి?" అన్నాడు.

రోజూ అడిగితే "సేసేన్రా" అనేవాడు. నేను నమ్మలేదు. మూడో నెలలో ఓ పొద్దున చెప్పకుండా వెళ్లాను. మగ్గం రాట పట్టుకుని, ఒంటికాలిమీద ఊగుతూ అంకెలు లెక్కపెడుతున్నాడు. నన్ను చూసి గబుక్కున కాలు దించేశాడు.

"ఏటలా సూస్తావు? రాట గట్టిగున్నాదో లేదో సూస్తన్నాను."

తర్వాత గుంటలోకి కాళ్లు దించి, వంగకుండానే నేత మొదలుపెట్టాడు.

పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రేరియన్ అప్పారావు గారికి, ఫిజియోథెరపిస్టు సుజాతకు కృతజ్ఞతలు. వంగకుండా నేస్తున్నావని ఆ పొద్దున పెదనాన్నతో మాత్రం అనలేదు. అని ఉంటే తన పాదాల మీద అనుమానం వచ్చి, మళ్లీ కిందికి చూసేవాడు.