ఖాళీ పలుపులు

కరువు ఏడాది. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కాను. పక్క సీటు రైతు బాసింపట్టు వేసుకుని, మోకాలు నా డొక్కలో పొడుస్తూ, కళ్లు మూసి దీర్ఘంగా ఊపిరి పీలుస్తున్నాడు.

నేను ఊరూరా నాస్తికోపన్యాసాలిచ్చేవాణ్ని, ఊరుకునే రకం కాదు. "యోగం చేస్తే వాన కురుస్తుందా?" అన్నాను.

"నీ ఉపన్యాసానికి కురిస్తే చెప్పప్పా, కండ్లు తెరుస్తా."

బస్సంతా నవ్వింది. అప్పుడు చూశాను, అతని ఒళ్లో ఎద్దుల పలుపుతాళ్లు ఖాళీగా ఉన్నాయి.

"అమ్మేశావా?"

"సంతలో అమ్మొస్తాండా. ఊపిరాడల్యా, అందుకే ఈ పని. కసాయి కోతకు పోకుండా సేద్యగాని చేతికే పోయినాయి, శానా మేలాయ. పలుపులు మాత్రం ఇయ్యలేదు. వానొస్తే కావాల గదా!" అని చేతులు జోడించాడు.

"దండం ఎవరికి?"

"కొన్నోనికి. అభ్యంతరమా?"

లేదన్నాను.

దేవుడు లేడని ఇప్పటికీ వాదిస్తాను. వేదికెక్కే ముందు మాత్రం కళ్లు మూసుకుని ఒకసారి నిండుగా ఊపిరి పీలుస్తాను. నాస్తిక మిత్రులకు అనుమానంగానే ఉంది.