నిజం చెప్పే బొటనవేలు

మా మేనమామ వడ్రంగి. సుత్తి గురితప్పి గోరు నల్లబడినా “అబ్బే, ఏం కాలేదు” అనే రకం. అందుకే అందరూ ఆయన్ని ‘అబ్బే మేస్త్రీ’ అంటారు. తలుపులు మోసి మోసి హెర్నియా తెచ్చుకుని, దాన్ని కూడా చొక్కా కింద దాచాడు. అత్తయ్య పట్టేసింది. మామయ్య అబద్ధమాడితే ఎడమకాలి బొటనవేలు దానంతటదే ఆడుతుంది. పెళ్లయిన కొత్తలోనే ఆవిడ కనిపెట్టింది కానీ ఆయనకు చెప్పలేదు. చెబితే ఇంట్లో కూడా బూట్లు విప్పడు కదా!

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ రోజు ఆయన నాకే చిక్కాడు. నడుము దగ్గర వెన్నులోకి సూదిమందు ఎక్కించాను. ఇది మనిషిని నిద్రపుచ్చదు. వెన్నుపాము దగ్గరే నరాల దారి మూసేస్తుంది. కింద కోస్తున్నా ఆ నొప్పి కబురు మెదడుకు చేరదు. అయితే మందు సరిగ్గా పట్టిందని నేను తేల్చాకే సర్జన్ కత్తి పెట్టాలి. తేల్చడానికి రోగి నిజం చెప్పాలి. అక్కడే వచ్చింది తంటా.

స్పిరిట్ దూది పొట్ట మీద పెట్టి, “చల్లగా ఉందా మామయ్యా?” అన్నాను.

“అబ్బే.”

భుజం మీద పెట్టాను. “ఇక్కడ?”

“అబ్బే. కానివ్వు తల్లీ.”

ఒళ్లు మండింది. “భుజానికి మందు పట్టదు మామయ్యా!”

సర్జన్ పకపకా నవ్వాడు. నాకు మాత్రం భయమేసింది. ఈ మొండిఘటం కోస్తున్నా పళ్లు బిగించి ఊరుకుంటాడు.

దుప్పటి ఎత్తి చూశాను. బొటనవేలు తైతక్కలాడుతోంది. అంటే మందు ఇంకా పట్టలేదన్నమాట.

కాసేపాగి, “భయంగా ఉందా?” అన్నాను. “అబ్బే.” వేలు బద్ధకంగా కదిలింది. ఇంకాసేపాగి అడిగితే అసలు కదల్లేదు. అయినా నమ్మకుండా, మాటల్లో పెట్టి పట్టకారుతో పొట్ట మీద గట్టిగా గిల్లాను. మొహం మారలేదు, తెర మీద నాడి ఎగరలేదు. అప్పుడు సర్జన్‌కి తల ఊపాను.

ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులో అత్తయ్య ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

“నొప్పిగా ఉందాండీ?”

“అబ్బే.”

వేలు కదల్లేదు. ఆవిడ కంగారుగా నన్ను పక్కకు లాగింది. “అమ్మాయ్, ఆ వేలు అలాగే పడిపోతే నేను ఈయనతో కాపురం ఎలా చెయ్యను?”

“మందు దిగాక అదే ఆడుతుందిలే అత్తయ్యా.”

ఆవిడ ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. అడుగుతూనే ఉంది, ఆయన అబ్బే అంటూనే ఉన్నాడు. సాయంత్రానికి ఆవిడ మొహం వెలిగిపోయింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

“అమ్మాయ్, నొప్పి మందు తీసుకురా,” అని కేకేసింది. “మీ మామయ్య అడుగుతున్నాడు.”