పెళ్ళిచూపుల్లో పశువుల క్యాను

ఆ రోజుల్లో పెళ్ళిచూపులకు కూర్చునే పిల్లకు తల వంచుకోవడం ఒక్కటే పని. పేరు అడిగితే పేరు చెప్పాలి, చదువు అడిగితే చదువు చెప్పాలి (నాది ఏడో తరగతి, అదీ లెక్కల్లో తప్పిన ఏడు), ఆపైన నోరు విప్పితే ఇంటి పరువు పోయినట్టే. అట్లాంటి కాలంలో పదిమంది ముందర నేను నోరు విప్పాను. అదీ దేని గురించనుకున్నారు, కోడెల విత్తనం గురించి. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మా అమ్మ గిల్లిన చోటు పది రోజులు కందిపోయి ఉండింది.

మాది పుంగనూరు పక్క పల్లె. నాలుగు ఆవులు, పాల మీద బతుకు. తొంభైల్లో మాట ఇది. మదనపల్లెలో ఉండే మా మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. పిల్లవాడిది కుప్పం దగ్గర గుడుపల్లె, ఐటీఐ చదివి ఢిల్లీలో ఉద్యోగం. చిక్కంతా ఆ ఉద్యోగం ఏమిటో ఎవరికీ అర్థం కాకపోవడమే. అంతకు ముందు ఏడాదే మా చిన్నాయన కూతురిని బెంగళూరులో ఫ్యాక్టరీ సూపర్‌వైజరని చెప్పుకున్నవాడికి ఇచ్చారు. పెళ్ళయ్యాక పోయి చూస్తే ఆ ఫ్యాక్టరీయే లేదు. అప్పటినుంచి మా నాయనకు ఒకటే పట్టు: అల్లుడు చేసే పని కంటితోనన్నా చూడాలి, బుర్రకన్నా ఎక్కాలి. రెండూ కాకపోతే పిల్లను ఇవ్వడు. నేనేమో తలుపు సందులోంచి పిల్లవాడిని ముందే చూసేశాను. తన చెప్పులు విడిచి, అడ్డదిడ్డంగా పడి ఉన్న మా అవ్వ చెప్పులను కూడా సర్ది పక్కన పెట్టాడు. అంతే, నాకిక ఇంకో సంబంధం అక్కరలేదనిపించింది.

కాఫీలయ్యాక నాయన పని సంగతి ఎత్తాడు. పిల్లవాడు పాపం ఓపికగానే చెప్పాడు. కంటికి కనపడని అణువుల తునకలను దూసుకుపోయేట్టు తోసే పెద్ద యంత్రం ఒకటి ఉందట, దాన్ని యాక్సిలరేటర్ అంటారట. దాని తోపు చాలక ఇప్పుడు దాని ముందర నియోబియం అనే లోహంతో చేసిన గిన్నెలు వరసగా అమరుస్తున్నారట. తునక ఒక్కో గిన్నె దాటేటప్పుడు ఒక్కో తోపు, ఉయ్యాలను అదను చూసి తోసినట్టు. రాగి గిన్నెలైతే పెట్టిన కరెంటులో చానా భాగం వేడైపోతుంది. ఇవి సూపర్ కండక్టర్లు, చెప్పలేనంత చలిలో పెడితే కరెంటు అడ్డం లేకుండా పారుతుందట. ఆ గిన్నెలను దుమ్ము కణం లేకుండా కడిగి బిగించే పని ఈయనది.

నాయన అంతా విని, "గిన్నెలు కడిగేదానికి ఢిల్లీదాకా యాల పోవాలప్పా?" అన్నాడు.

మేనమామ తల పట్టుకున్నాడు. పిల్లవాడి తల్లి మొహం ముడుచుకుంది. పిల్లవాడు మాత్రం జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. లోపల రూపాయంత నల్లబిళ్ళ ఒకటి, గోరంత గుండ్రటి అయస్కాంతం ఒకటి. ఊళ్ళో బడిపిల్లలకు చూపించమని వాళ్ళ ఇంజనీరు సారు ఇచ్చాడట. గిన్నెలకు కావలసిన చలి వేరే, అది ఇక్కడ కుదరదు. ఈ బిళ్ళకైతే నీళ్ళలా మార్చిన నైట్రోజన్ చాలు, దాంట్లో ముంచితే అయస్కాంతం దీని మీద గాల్లో నిలుస్తుందట. "సూస్తే అర్థమైపోతాది మామా. ఆ నైట్రోజన్ ఈడ యాడ దొరకాల?" అని డబ్బా మూసేశాడు. నాయన తువ్వాలు భుజానికెత్తి లేచాడు. మా ఇంట్లో ఆ తువ్వాలు భుజానికెక్కితే మాట అయిపోయినట్టే.

అప్పుడు విప్పాను నోరు. "సూదులప్ప క్యాన్లో ఉండాది."

సూదులప్పంటే మోపెడ్ మీద ఊరూరా తిరిగి ఆవులకు సూది వేసే పశువుల ఆసుపత్రి ఆయన. ఆయన వచ్చినప్పుడల్లా ఆవు తల పట్టుకునేది నేనే, క్యాన్లో పొగలేమని అడిగి, అది నైట్రోజనని తెలుసుకున్నదీ నేనే. పిల్లవాడు తలెత్తి, "ఏం క్యాను?" అని నన్నే అడిగాడు. అడిగినాక చెప్పకపోతే మర్యాద కాదు కదా. ఎదకొచ్చిన ఆవు దగ్గర మొదలుపెట్టి, ఆ చలిలో సన్నటి గొట్టాల్లో దాచే కోడె విత్తనం దాకా చెప్పేశాను. అమ్మ గిల్లింది అప్పుడే.

"పిల్లకు నోరు జాస్తిగా ఉండాదే" అంది పిల్లవాడి తల్లి.

"ఉండనీమ్మా. ఢిల్లీలో నోరు లేకుంటే బస్సు గూడా ఎక్కలేము" అన్నాడాయన.

మేనమామ సైకిలేసుకుని పోయి సూదులప్పను పట్టుకొచ్చాడు. ఆయన క్యానును చంటిబిడ్డలా పొదువుకుని, ఇది తగ్గితే లోపల విత్తనమంతా పాడైపోతుందని, అడిగేవాళ్ళకు ఎవరు జవాబు చెప్పాలని గొణిగి, చివరకు రెండు గరిటెలకు ఒప్పుకున్నాడు. చిన్న స్టీలు గిన్నె తెచ్చాం. చలి పోకుండా దాని చుట్టూ చుట్టడానికి పిల్లవాడు నాయన భుజం మీది తువ్వాలే అడిగాడు. మొదటి గరిటె పోయగానే బుసబుసమని పొంగి పొగై పోయింది. "ఇంత కాగుతాంటే సలి అంటావేమప్పా?" అంది అవ్వ. మిగిలింది ఒక్క గరిటె. నేను ముంగిట్లో ఏ దేవుడికి మొక్కుకున్నానో గుర్తులేదు, అందరికీ మొక్కి ఉంటాను.

రెండో గరిటె నిలిచింది. కర్ర పటకారుతో బిళ్ళను దించాడు, కాసేపాగి పైన అయస్కాంతం పెట్టాడు. అది వేలెడు కూడా కాదు, బియ్యపు గింజంత ఎత్తున గాల్లో నిలిచింది. అవ్వ చీపురు పుల్ల తెచ్చి కింద దూర్చి చూసింది, దారం లేదు. నాయన వేలితో మీటాడు. అది గిరగిరా తిరుగుతూనే ఉంది.

"యాల ఆగలేదప్పా?"

"అడ్డం లేదు మామా. మా గిన్నెల్లో కరెంటు గూడా ఇట్లానే."

గిన్నె ఎండిపోయి, అయస్కాంతం మెల్లగా బిళ్ళ మీదికి దిగింది. నాయన తువ్వాలు అందుకున్నాడు. మంచు పట్టి అప్పడంలా బిర్రబిగిసి ఉండింది. భుజాన వేసుకుంటాడేమోనని తలుపు దగ్గరినుంచి చూశాను. వేసుకోలేదు. గోడ మీద ఎండకు ఆరేసి, వచ్చి కూర్చుని, "ఇంకోసారి కాఫీ పెట్టండి" అన్నాడు.

పెళ్ళయి ఢిల్లీ పోయిన చాలా ఏళ్ళకు, ఆ వరస గిన్నెలున్న యంత్రం చూపించడానికి ఆయన నన్ను తీసుకుపోయాడు. ఇల్లంత తొట్టి, దాని చుట్టూ పైపులు, సన్నగా పొగలు. పెద్ద సార్లందరి ముందరా నేను, "ఇంత క్యానంటే ఎన్ని ఆవులకొస్తుందో" అనేశాను. ఆయన వాళ్ళకు హిందీలో చెప్పాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నల్లబిళ్ళ ఇప్పటికీ నా గాజుల పెట్టెలో ఉంది. చలి లేకపోతే అదొట్టి పెంకుముక్క. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. ఆ రోజు అది చల్లబడి తేలింది, దాని పక్కన తల వంచుకోవలసిన పిల్ల సిగ్గుతో వేడెక్కి తేలింది. గిల్లుడు తిన్నా, తేలిన సంగతి ఇన్నాళ్ళకూ మరిచిపోలేదు.